ఒకే కాలువ నీళ్లు

పాతికేళ్ల కిందటి మాట. డిగ్రీ రెండో సంవత్సరం వాళ్లకి ఇంగ్లీషు పర్యాయపదాలు చెబుతున్నాను. 'కాంపిటీటర్'కీ 'రైవల్'కీ తేడా ఏమిటని ఒకమ్మాయి అడిగింది. నేను జవాబు వెతుక్కుంటూ ఉండగానే వెనక బెంచీలోంచి ఇంకో అమ్మాయి, "మగవాళ్లిద్దరైతే కాంపిటీటర్లు, ఆడవాళ్లిద్దరైతే రైవల్స్, అంతే కదా మేడమ్" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ ఆ మాట ములుకులా లోపలే ఉండిపోయింది.

1985లో నేనూ నా స్నేహితురాలూ ఒకే లెక్చరర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నాం. ఎం.ఏ.లో రెండేళ్లు ఒకే గదిలో ఉండి, ఒకే నోట్సు చదివి, ఒకరి చీరలు ఒకరం కట్టుకున్నవాళ్లం. అదే ఏడు ఆ కాలేజీలోనే ఎకనామిక్స్ పోస్టుకి ఇద్దరు మగవాళ్లు తలపడ్డారు. దాన్ని అందరూ 'గట్టి పోటీ' అన్నారు. మా ఇద్దరి సంగతి వచ్చేసరికి 'సవతుల పోరు' అన్నారు. ఒకే పని, రెండు మాటలు. ఉద్యోగం నాకు వచ్చింది. స్నేహం పోయింది.

ఆ అమ్మాయి ప్రశ్నతో నిఘంటువులు తిరగేయడం మొదలుపెట్టాను. 'రైవల్' పుట్టింది యుద్ధంలో కాదు, పొలం గట్టు మీద. లాటిన్‌లో 'రివుస్' అంటే చిన్న కాలువ. ఒకే కాలువ నుంచి నీళ్లు పెట్టుకునే ఇరుగుపొరుగు రైతులు 'రివాలెస్'. 533లో జస్టీనియన్ చక్రవర్తి వెలువరించిన న్యాయసంకలనంలో కూడా నీటి తగాదాల దగ్గర ఈ మాట ఇదే అర్థంలో కనిపిస్తుంది. మొదట వాళ్లు శత్రువులు కారు, పంచుకునేవాళ్లు. కాలవ కింద సేద్యం తెలిసిన మనకి, పంచుకోవడం ఎప్పుడు తగాదా అవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. రోమన్ హాస్యనాటకాల్లోకి వచ్చేసరికి ఆ మాట పొలం గట్టు దిగి ఒకే స్త్రీని కోరుకునే ఇద్దరు మగవాళ్లకి పేరయింది. నీళ్ల స్థానంలో స్త్రీ వచ్చి చేరింది. పారే నీటిని ఎవరూ ఏమీ అడగనట్టే ఆమెనీ ఎవరూ అడగలేదు.

'కంపీట్'కి మూలార్థం కలిసి వెతకడం, ఒకే దానికోసం కలిసి బయల్దేరడం. 'కాంటెస్ట్' అంటే ఇరుపక్షాలూ కలిసి సాక్షుల్ని పిలవడం. ఈ మాటలన్నిటిలోనూ 'కలిసి' అనేది దాగి ఉంది. షేక్స్‌పియర్ నాటి ఇంగ్లీషులో కూడా ఆ తడి ఆరలేదు. 'హామ్లెట్' మొదటి రంగంలో కాపలా భటుడు తనతో పాటు కాపలా కాయాల్సిన వాళ్లని 'రైవల్స్' అంటాడు. 1603లో అచ్చయిన తొలి ప్రతిలో అక్కడ 'పార్ట్‌నర్స్' అనే ఉంది. 'ఆంటొనీ అండ్ క్లియోపాత్రా'లో చనిపోయిన ఆంటొనీని తలచుకుంటూ సీజర్ వాడిన 'కాంపిటీటర్'కీ భాగస్వామి అనే అర్థం.

తర్వాత ఈ మాటలు విడిపోయాయి. 1816లో జార్జ్ క్రాబ్ తన పర్యాయపదాల గ్రంథంలో కాంపిటీషన్, ఎమ్యులేషన్, రైవల్రీలను పక్కపక్కన నిలబెట్టి తూచాడు. మొదటి రెండిటికీ పునాది గౌరవమనీ, మూడోదానికి స్వార్థమనీ తేల్చాడు. ఎమ్యులేషన్ అంటే గొప్పవాళ్లని చూసి తానూ అంత కావాలనుకోవడం. ఈ తూకం పాతదే. ఎదుటివాడికున్న మంచి తనకీ కావాలనుకోవడం వేరు, ఎదుటివాడికి ఉండకూడదనుకోవడం వేరు అని అరిస్టాటిల్ ఎప్పుడో చెప్పాడు. నా సందేహం వేరే ఉంది. ఎవరి కోరికకి ఏ పేరు పెట్టాలో తూచేది ఎవరు?

ఆ త్రాసుని క్రాబ్ కంటే ముందే ఒక స్త్రీ చేతిలోకి తీసుకుంది. హెస్టర్ లించ్ పియోజి 1794లో 'బ్రిటిష్ సినానిమీ' అనే రెండు సంపుటాల గ్రంథం వేసింది. ఎలా రాయాలో మగవాళ్లు నేర్పుతున్నారు, మాట్లాడేటప్పుడు ఏ మాట ఎంచుకోవాలో చెప్పే అర్హత ఒక ఆడదానికి ఉండకపోదు అని ముందుమాటలో ఒదిగి ఒదిగి చెప్పుకుంది. అలా ఒదగడం వెనక ఒక చరిత్ర ఉంది.

ఆమె మొదటి భర్త బీరు తయారీ వ్యాపారి థ్రేల్. నిఘంటుకారుడు శామ్యూల్ జాన్సన్ ఏళ్ల తరబడి ఆ ఇంటి అతిథి. పన్నెండు కాన్పుల మధ్య, పసిబిడ్డల చావుల మధ్య ఆమె జాన్సన్ మాటల్ని నోటుబుక్కుల్లో రాసిపెట్టుకుంది. భర్త పోయాక, 1784లో ఇటలీ సంగీతకారుడు పియోజిని పెళ్లాడింది. జాన్సన్ కటువుగా ఉత్తరం రాశాడు. కన్నకూతుళ్లే ఆ పెళ్లిని హర్షించలేదు. ఆ ఏడాది చివర జాన్సన్ చనిపోయాడు. ఆయన జీవితం రాయడానికి చాలామంది కలాలు తీశారు. ఆమె పుస్తకం 1786లో వచ్చింది, బాస్వెల్ రాసిన ప్రసిద్ధ జీవితచరిత్ర 1791లో. బాస్వెల్ తన పుస్తకంలో పదేపదే ఆమె చెప్పినవి నమ్మదగ్గవి కావని రాశాడు.

నన్ను ఆపేసింది అంతకు ముందు జరిగిన సంగతి. 1785లో బాస్వెల్ తన హెబ్రిడీస్ యాత్ర పుస్తకంలో, జాన్సన్ అన్నాడంటూ ఒక మాట అచ్చువేశాడు. ఎలిజబెత్ మాంటెగ్యూ 1769లో షేక్స్‌పియర్ మీద రాసిన పుస్తకాన్ని తానూ చివరిదాకా చదవలేకపోయాడు, మిసెస్ థ్రేల్ కూడా చదవలేకపోయింది అని. మాంటెగ్యూ ఆనాటి విదుషీమణుల కూటమికి పెద్దదిక్కు. ఒక స్త్రీ పుస్తకాన్ని మరో స్త్రీ చదవలేకపోయిందని ఇద్దరు మగవాళ్ల సంభాషణ లోకానికి చాటింది. పియోజి తన పుస్తకం చివర ప్రత్యేకంగా ఒక వివరణ చేర్చి, ఆ మాట నిజం కాదని చెప్పుకోవలసి వచ్చింది. పుస్తకానికి పుస్తకం పోటీ పెట్టే చోట కూడా ఆమెని ముందు ఇంకో ఆడదాని ఎదుట నిలబెట్టారు.

ఇంగ్లీషుని అని మన భాషని వదిలేస్తే ఎలా? సంస్కృతంలో శత్రువుకి 'సపత్నుడు' అనే పేరుంది. ఇది ఎక్కడినుంచి వచ్చింది? 'సపత్ని' నుంచి. ఒకే భర్త గల స్త్రీ సపత్ని, మన సవతి. మామూలుగా పుంలింగం నుంచి స్త్రీలింగం తయారుచేస్తారు. ఇక్కడ మాత్రం సవతినుంచి మగశత్రువుని పుట్టించారు. ఋగ్వేదం పదో మండలంలో సవతిని తొలగించుకోవడానికి ఒక సూక్తమే ఉంది. ఇంట్లో ఆ పోరు ఎవరు పెట్టారన్న ప్రశ్న మాత్రం ఆ మాటలో ఎక్కడా లేదు. భర్త ఆ పదం మధ్యలోనే కూచుని ఉన్నాడు, అయినా తగువు ఇద్దరాడవాళ్లదే.

మగవాళ్లకి వేరే మాట ఉంది: దాయాది. దాయం అంటే వారసత్వపు సొత్తు, అందులో భాగం తీసుకునేవాడు దాయాది. ఇదీ కాలువ నీళ్ల కథే. పంచుకునేవాడే పగవాడయ్యాడు. ఇండియా, పాకిస్తాన్ క్రికెట్ ఆడితే మన పత్రికలకి నేటికీ అది 'దాయాదుల పోరు'. మగవాడి వైరం ఆస్తి దగ్గర, ఆడదాని వైరం మగవాడి దగ్గర! ఆస్తిలో భాగమే లేని కూతురు దాయాది ఎలా అవుతుంది? ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని కూతుళ్లకి కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ అమల్లోకి వచ్చింది 1985 సెప్టెంబరులో. దేశమంతటికీ 2005లో. మేమిద్దరం ఉద్యోగానికి నిలబడ్డ ఏడే చట్టం మమ్మల్ని దాయాదుల్ని చేసింది. స్టాఫ్‌రూమ్ మాత్రం సవతులుగానే ఉంచింది.

ఇక నా తప్పు. ఇంటర్వ్యూకి ముందు ఒక పెద్దాయన నన్ను పిలిచి, "మీ ఫ్రెండు మీకు ఉచ్చారణే రాదంటోందమ్మా" అన్నాడు. నేను నమ్మాను. ఆమెని అడగలేదు. అడిగితే చిన్నతనమనుకున్నాను. ఆమె కూడా నన్ను ఏమీ అడగకుండానే గది ఖాళీ చేసి వెళ్లిపోయింది. పియోజికి కనీసం అచ్చులో జవాబు చెప్పుకునే చోటుండింది. నేను నా చోటుని వాడుకోనే లేదు.

బాస్వెల్ రాసిన ఆ మాట చదివిన వారంలో ఆమె నెంబరు సంపాదించి ఫోన్ చేశాను. మోకాళ్ల నొప్పులు, మనవలు, రిటైర్మెంటు అన్నీ అయ్యాక, "ఏమే, నాకు ఉచ్చారణ రాదన్నావా అప్పుడు?" అని అడిగేశాను. కాసేపు చప్పుడు లేదు.

"నేనా? నాకు గ్రామరు రాదని నువ్వన్నావని కదా చెప్పారు" అంది.

ఎవరు చెప్పారో ఇద్దరం ఒకేసారి అన్నాం. ఒకటే పేరు.

ఆ రోజు వెనక బెంచీ అమ్మాయికి నేను సరైన జవాబు చెప్పలేదు. ఇప్పుడైతే ఇలా చెబుతాను: రైవల్ అంటే నీతోపాటు ఆ కాలువ నీళ్లకే వచ్చినామె. ముందు ఆమెతో మాట్లాడు. తూము ఎవరి చేతిలో ఉందో ఇద్దరూ కలిసి చూడండి.