తుంటి విరుపు: మేకు నుంచి గంటల లెక్క దాకా

వాడుకలో తుంటి విరిగిందని చెప్పుకునేది నిజానికి తొడ ఎముక పైకొన విరగడమే అయినా, కీలును చుట్టి ఉండే సంచి లోపల విరిగిందా, వెలుపల విరిగిందా అన్నదాన్ని బట్టి అది అతికేదీ అతకనిదీ తేలుతుందని లండన్ శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్ 1822 నాటి గ్రంథంలో వివరించాడు. బంతిలాంటి ఎముక తలకు రక్తం చాలావరకు సంచి లోపల ఉండే ఎముక మెడ వెంబడి పైకి పాకే సన్నని నాళాల ద్వారానే అందుతుంది కనుక, మెడ విరిగితే అవీ తెగి, అతుకు పడటం గగనమవుతుంది. అతుకుతుందన్న ఆశ వదులుకున్న కూపర్, కాలి కింద దిండ్లు పెట్టి, 10-14 రోజుల్లో నొప్పి తగ్గగానే రోగిని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, ఆపై చంకకర్రలతో నడిపించమన్నాడు. ఇందులో నిస్పృహ ఎంత ఉందో వివేకమూ అంతే ఉంది.

అమెరికాలో రాయల్ విట్‌మన్ 20వ శతాబ్ది ఆరంభంలో ఎదురుదారి పట్టి, కాలిని పక్కకు చాపి మొండెం నుంచి పాదం దాకా పిండికట్టు వేయగా, కొందరి ఎముకలు అతికాయి గాని, నెలల తరబడి కదలని వృద్ధులను పడకపుండ్లు, న్యుమోనియా వదల్లేదు. బోస్టన్‌లో స్మిత్-పీటర్సన్ 1931లో ప్రకటించిన మేకుకు పొడవునా మూడు రెక్కలుండేవి. విరిగిన తల గిర్రున తిరిగిపోకుండా పట్టి ఉంచడం వాటి పని. మరుసటి ఏడే స్వీడన్ వైద్యుడు స్వెన్ జొహాన్సన్ బోలు మేకును తీగ మీదుగా, ఎక్స్‌రే చూస్తూ దించడంతో కీలు తెరవవలసిన అవసరం తప్పింది. 1950ల నాటికి అతకని తలను తీసేసి లోహపు తల అమర్చడమూ వాడుకలోకి వచ్చింది.

సాధనాలు ఇంత త్వరగా సమకూడినా, ఆపరేషన్ ఎప్పుడు చేయాలన్న ప్రశ్న దశాబ్దాల పాటు వెనకబడే ఉంది. ప్రాణం మీదికి వచ్చిన ప్రమాద కేసు తగిలితే థియేటర్ జాబితాలో ముసలమ్మ పేరు కిందికి జారేది. పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్లు ముట్టని మనిషికి సాయంత్రం రేపు చేస్తామని చెప్పడం అరుదేమీ కాదు. ఇంగ్లండులోని హేస్టింగ్స్‌లో ఎముకల వైద్యుడు మైకేల్ డెవాస్, వృద్ధుల వైద్యుడు బాబీ అర్విన్ ఒకే వార్డును కలిసి చూడటం మొదలుపెట్టాక గుండె, ఊపిరితిత్తుల జబ్బులను సరిదిద్దడమూ శస్త్రచికిత్సలో భాగమేనన్న దృష్టి ఏర్పడింది.

ఆ దృష్టికి లెక్కాపత్రం తోడైంది 2007లో, బ్రిటన్‌లో జాతీయ తుంటి విరుపుల నమోదు ఆరంభమైనప్పుడు. 36 గంటల లోపు ఆపరేషన్, వృద్ధుల వైద్యుని పర్యవేక్షణ వంటి షరతులు నెరవేర్చిన ఆసుపత్రికి 2010 నుంచి ఇంగ్లండులో అదనపు సొమ్ము ముట్టింది; మందలింపు చేయలేని పని పద్దు చేసిందనాలి. చేరిన రోజునో మర్నాడో ఆపరేషన్ జరిగినవారు 2007-2011 మధ్య 54.5 శాతం నుంచి 71.3 శాతానికి పెరగగా, 30 రోజుల్లో మరణించినవారు 10.9 శాతం నుంచి 8.5 శాతానికి తగ్గారు. ఈ తగ్గుదలంతా వేగం ఫలితమే అనడం మాత్రం తొందరపాటు. 17 దేశాల్లో 2,970 మందిపై జరిపి 2020లో ప్రకటించిన పరీక్షలో, నిర్ధారణ నుంచి సుమారు 6 గంటల్లో ఆపరేషన్ అయినవారికీ 24 గంటలు పట్టినవారికీ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే త్వరగా చేయించుకున్నవారిలో సంధి, అంటే ఉన్నట్టుండి మతి చెదిరి ప్రేలాపన పుట్టే స్థితి, తక్కువగా ఉండి, వారు ముందుగా లేచి నిలబడి ముందుగా ఇంటిదారి పట్టారు.