టెండరు పెట్టె నుంచి ఈ-ప్రొక్యూర్‌మెంట్ వరకు: కొత్త చిన్న సంస్థ స్థానం

ఉమ్మడి కృష్ణా జిల్లా ఉంగుటూరు, నూజివీడు ప్రాంతాల వారికి పాట కొత్త కాదు. పంచాయతీ చెరువులో చేపల హక్కుకు పాట పెడతారు. మామిడి తోటను కాయ దిగకముందే వ్యాపారులు గుత్తకు తీసుకుంటారు. పాటలో ఎక్కువ పాడినవారికి హక్కు దక్కుతుంది. ప్రభుత్వ పని టెండరులో అర్హులందరిలో తక్కువ ధర వేసినవారికి పని దక్కుతుంది. పైగా పాట నలుగురి ఎదుట సాగుతుంది. టెండరు ధర మూసిన కవరులో ఉంటుంది. ఈ తేడాను గుర్తుంచుకొని ముందుకు చదవండి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చాలాకాలం కాంట్రాక్టరు స్వయంగా కార్యాలయానికి వెళ్లి, షెడ్యూలు కొని, ధర రాసి పెట్టెలో వేయవలసి వచ్చేది. షెడ్యూలు ఎవరు కొన్నారో ఇతరులకు తెలిసిపోయేది. పాతవారు కుమ్మక్కై ధర నిర్ణయించుకోవడం, కొత్తవారిని పెట్టె దగ్గరకు రానీయకపోవడం జరిగేవి. 2003లో రాష్ట్ర ప్రభుత్వం ఈ-ప్రొక్యూర్‌మెంట్ ప్రవేశపెట్టింది. షెడ్యూలు పొందడం, ధర వేయడం ఆన్‌లైన్‌లోకి మారడంతో దారిలో అడ్డగించే వీలు తగ్గింది.

అయినా ధరావతు, టర్నోవరు, పూర్వానుభవం అనే షరతులు మిగిలాయి. పని చేస్తేనే అనుభవం వస్తుంది. అనుభవం ఉంటేనే పని ఇస్తారు! ఈ చిక్కును కొంత సడలించినది కేంద్ర ప్రభుత్వ విధానం. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం కింద 2012లో వెలువడిన ఉత్తర్వు, కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 20 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి జరపాలని నిర్దేశించింది. 2018లో ఇది 25 శాతమైంది. 2016లో అనుభవం, టర్నోవరు షరతులను సడలించే వీలు కల్పించారు. నాణ్యతలో మాత్రం సడలింపు లేదు.

మీరు ఉంగుటూరులో కొత్తగా అట్టపెట్టెల యూనిట్ పెట్టారనుకోండి. సంస్థను నమోదు చేసుకుంటే ఇటువంటి కేంద్ర టెండరులో పత్రాలు ఉచితం, ధరావతు ఉండదు. అతి తక్కువ ధర పెద్ద సంస్థదై, మీ ధర దానికి 15 శాతం లోపు ఎక్కువగా ఉంటే, ఆ ధరకు దిగివచ్చి సరఫరాలో కొంత భాగం పొందవచ్చు. అయితే ఈ ఉత్తర్వు వస్తువులకు, సేవలకే వర్తిస్తుంది. రోడ్డు, కాలువ వంటి నిర్మాణ పనులకు వర్తించదు.

సరుకు ఇచ్చిన తరువాత డబ్బు ఆలస్యమైతే చిన్న సంస్థ నిలవలేదు. అందుకే 2006 చట్టం చెల్లింపునకు 45 రోజుల గరిష్ఠ గడువు పెట్టింది. అది దాటితే కొనుగోలుదారు చక్రవడ్డీ చెల్లించాలి. కాబట్టి ధర వేసేముందు సరుకు ఖర్చుతోపాటు ఆ 45 రోజులు గడిచేందుకు కావలసిన పెట్టుబడినీ లెక్కించాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: ఆన్‌లైన్ విధానం తొలగించిన అడ్డంకి ఏది? చట్టం ద్వారా మాత్రమే సడలిన అడ్డంకులు ఏవి?