స్ప్రెడ్‌షీట్ పరిభాష

స్ప్రెడ్‌షీట్ అనగా సమాచారమును గళ్ళలో అమర్చి, ఆ గళ్ళ మధ్య లెక్కలు చేయుటకు ఉపయోగపడే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్. దుకాణపు పద్దులు, పరీక్షల మార్కులు, జీతాల పట్టీలు, వర్షపాతపు వివరాలు మొదలైనవి దీనిలో వ్రాసుకొనవచ్చును. మైక్రోసాఫ్ట్ ఎక్సెల్, లిబ్రేఆఫీస్ కాల్క్, గూగుల్ షీట్స్ వీటిలో ప్రసిద్ధమైనవి. ఒక్కొక్క దానిలో మెనూలు వేరుగా ఉన్నప్పటికీ మౌలిక పదాలు దాదాపు ఒకటే. ఈ పదాల అర్థం సరిగా తెలియనప్పుడు, కంప్యూటర్ కూడికలో పొరపాటు చేయకపోయినా జవాబు మాత్రం తప్పుగా వచ్చే అవకాశమున్నది.

చరిత్ర

వ్యాపారస్తుల చిట్టా, ఆవర్జాల వలెనే పాశ్చాత్య దేశాలలో రెండు పుటల మేర పరచుకొని ఉండే వెడల్పాటి లెక్కల కాగితము ఉండేది. స్ప్రెడ్‌షీట్ అనే పేరు దాని నుండి వచ్చినదే. కాగితముపై ఒక అంకె మారినచో దానిపై ఆధారపడిన మొత్తాలన్నియు మరల వేసుకోవలసి వచ్చేది. ఈ శ్రమను తప్పించుటకు హార్వర్డ్ బిజినెస్ స్కూల్ విద్యార్థి డాన్ బ్రిక్లిన్, అతని మిత్రుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్ కలిసి రూపొందించిన విసికాల్క్ 1979లో ఆపిల్ 2 కంప్యూటరుపై విడుదలైనది. 1983లో లోటస్ 1-2-3, 1985లో మెకింటోష్ కంప్యూటర్లకు ఎక్సెల్ వచ్చినవి. విండోస్‌పై ఎక్సెల్ 1987లో వెలువడినది. ఉచితముగా లభించే లిబ్రేఆఫీస్ 2010లో ప్రారంభమైనది.

ఒక ఉదాహరణ

ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రము, నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల నేలకు పరిచే నాపరాతి బండలకు, వాటిని కోసి పాలిష్ పట్టే కర్మాగారాలకు ప్రసిద్ధి. బండలను చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. కనుక ప్రతి బిల్లులోను పొడవు, వెడల్పు, బండల సంఖ్య, చదరపు అడుగు ధర అనే నాలుగు అంకెల గుణకారము ఉంటుంది. స్ప్రెడ్‌షీట్ పదాలను వివరించుటకు ఇటువంటి బిల్లు అనువైనది. క్రింది పట్టికలోని కొలతలు, ధరలు ఉదాహరణ కొరకు మాత్రమే. చదరపు అడుగు ధర 20 రూపాయలు అనుకొని, దానిని పట్టికకు ప్రక్కన హెచ్1 అనే గడిలో వ్రాసినట్లు భావించవలెను.

| | ఎ | బి | సి | డి | ఇ | ఎఫ్ |
|---|---|---|---|---|---|---|
| 1 | రకము | పొడవు (అడుగులు) | వెడల్పు (అడుగులు) | బండల సంఖ్య | చదరపు అడుగులు | ధర (రూపాయలు) |
| 2 | మొదటి రకము | 2 | 2 | 100 | 400 | 8,000 |
| 3 | రెండవ రకము | 2 | 1.5 | 80 | 240 | 4,800 |
| 4 | మూడవ రకము | 3 | 2 | 50 | 300 | 6,000 |
| 5 | మొత్తము | | | 230 | 940 | 18,800 |

ఈ వ్యాసములో గడి చిరునామాలు, ఫంక్షన్ల పేర్లు తెలుగు లిపిలో చూపబడినవి. కంప్యూటరులో వాటిని ఆంగ్ల అక్షరాలతోనే టైపు చేయవలెను. గడిలో వ్రాసే వివరాలను మాత్రం యూనికోడ్ తెలుగులో వ్రాసుకొనవచ్చును.

మౌలిక పదాలు

* వర్క్‌షీట్: గళ్ళు గల ఒక పుట. కొన్ని వర్క్‌షీట్లు కలిసి ఒకే ఫైలుగా ఉన్నచో దానిని వర్క్‌బుక్ అంటారు. నెలకొక వర్క్‌షీట్ చొప్పున సంవత్సరమునకు ఒక వర్క్‌బుక్ ఉంచుకొనవచ్చును.
* అడ్డు వరుస: ఎడమ నుండి కుడికి సాగే వరుస. దీనికి 1, 2, 3 అని అంకెలు ఉంటాయి.
* నిలువు వరుస: పై నుండి క్రిందికి సాగే వరుస. వాడుకలో కాలమ్ అంటారు. దీనికి ఎ, బి, సి అని అక్షరాలు ఉంటాయి. జెడ్ తరువాత ఎఎ, ఎబి అని కొనసాగును. 2007 నుండి ఎక్సెల్‌లో ఒక వర్క్‌షీటుకు 10,48,576 అడ్డు వరుసలు, 16,384 నిలువు వరుసలు ఉన్నాయి.
* గడి: అడ్డు వరుస, నిలువు వరుస కలిసే చోటు. దీనినే సెల్ అంటారు. జేబులోని సెల్ ఫోనుతో దీనికి సంబంధము లేదు.
* గడి చిరునామా: నిలువు వరుస అక్షరము, అడ్డు వరుస అంకె కలిపిన పేరు. పై పట్టికలో 80 అనే సంఖ్య ఉన్న గడి చిరునామా డి3.
* రేంజి: ఒకదాని ప్రక్కన ఒకటిగా ఉన్న గళ్ళ సముదాయము. ఎఫ్2:ఎఫ్4 అనగా ఎఫ్2 మొదలు ఎఫ్4 వరకు గల మూడు గళ్ళు.

సూత్రము, ఫంక్షన్

గడిలో = గుర్తుతో మొదలుపెట్టి వ్రాసే లెక్కను సూత్రము లేదా ఫార్ములా అంటారు. ఇ2 గడిలో =బి2*సి2*డి2 అని వ్రాసినచో 400 కనిపించును. ఇక్కడ * గుణకారపు గుర్తు. డి2లో 100ను 120గా మార్చిన వెంటనే ఇ2 తనంతట తాను 480 అగును.

ముందుగానే తయారుచేసి ఉంచిన సూత్రమును ఫంక్షన్ అంటారు. =సమ్(ఎఫ్2:ఎఫ్4) అనునది ఆ రేంజిలోని సంఖ్యల మొత్తమును ఇచ్చును. సగటుకు యావరేజ్, గళ్ళలోని సంఖ్యలను లెక్కించుటకు కౌంట్, షరతును బట్టి ఫలితమునకు ఇఫ్ అనే ఫంక్షన్లు ఉన్నాయి.

సాపేక్ష, నిరపేక్ష చిరునామాలు

సూత్రమును క్రిందికి నకలు చేసినప్పుడు దానిలోని చిరునామాలు కూడ ఒక్కొక్క వరుస జరుగును. వీటిని సాపేక్ష చిరునామాలు అంటారు. ఇ2లోని సూత్రము ఇ3లో =బి3*సి3*డి3 అగుటకు కారణము ఇదే.

ఎఫ్2లో =ఇ2*హెచ్1 అని వ్రాసి క్రిందికి నకలు చేసినచో ఎఫ్3లో =ఇ3*హెచ్2 వచ్చును. హెచ్2 ఖాళీ గడి కనుక ఫలితము సున్న. ఎఫ్4 కూడ సున్నయే. బిల్లు మొత్తము 18,800 రూపాయలకు బదులు 8,000 రూపాయలు మాత్రమే అగును. ధర ఉన్న గడి జరుగకుండుటకు =ఇ2*$హెచ్$1 అని డాలరు గుర్తులతో వ్రాయవలెను. ఇది నిరపేక్ష చిరునామా. ఈ గుర్తుకు డబ్బుతో సంబంధము లేదు.

సమాచార రకాలు, రూపము

గడిలో సంఖ్య, అక్షరాలు, తేదీ వంటివి ఉండవచ్చును. ఇ2లో 400 చ.అ. అని టైపు చేసినచో అది సంఖ్య కాక అక్షరాల వరుస అగును. సమ్ ఫంక్షన్ దానిని కూడదు. కొలత పేరును శీర్షికలో వ్రాసి, గడిలో సంఖ్యను మాత్రమే ఉంచవలెను.

గడిలో ఉన్న విలువ, తెరపై కనిపించే రూపము వేరువేరు. దశాంశాలు చూపవద్దని ఎంచుకొన్నచో 12.4 అనునది 12గా కనిపించును, కాని లెక్కలో 12.4గానే ఉండును. అలాగే 5/4 అని వ్రాసినచో ప్రాంతీయ అమరికను బట్టి ఏప్రిల్ 5 గానో, మే 4 గానో మారవచ్చును. కొన్ని మానవ జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చుచుండుటచే వాటి పేర్లనే మార్చినట్లు 2020లో ప్రకటించబడినది. మార్చ్1 అనే జన్యువు మార్చ్‌ఎఫ్1 అయినది.

సార్ట్, ఫిల్టర్

వరుసలను అకారాది క్రమములో గాని, సంఖ్యల క్రమములో గాని అమర్చుటను సార్ట్ అంటారు. పట్టిక మొత్తమును ఎంచుకొనక ఒక్క నిలువు వరుసనే సార్ట్ చేసినచో ఒక రకము ప్రక్కన మరొక రకము కొలత చేరిపోవును. ఫిల్టర్ అనగా కావలసిన వరుసలను మాత్రమే చూపి మిగిలినవి దాచుట. దాచిన వరుసలు తొలగిపోవు. సమ్ ఫంక్షన్ వాటిని కూడ కలుపుకొనును.

తప్పు సూచనలు

* #డివ్/0! : సున్నతో గాని, ఖాళీ గడితో గాని భాగించినప్పుడు.
* #వాల్యూ! : సంఖ్య ఉండవలసిన చోట అక్షరాలు ఉన్నప్పుడు.
* #రెఫ్! : సూత్రములో వాడిన గడిని తొలగించినప్పుడు.
* #నేమ్? : ఫంక్షన్ పేరు తప్పుగా వ్రాసినప్పుడు.
* #### : నిలువు వరుస వెడల్పు చాలనప్పుడు. ఇది లెక్కలో తప్పు కాదు.

సూచన రాని తప్పులు

పై తప్పులను సాఫ్ట్‌వేర్ స్వయముగా చూపును. రేంజి తప్పుగా ఇచ్చినప్పుడు ఏ సూచనయు రాకపోవచ్చును. పై బిల్లులో =సమ్(ఎఫ్2:ఎఫ్3) అని వ్రాసినచో 12,800 వచ్చును. 6,000 రూపాయలు తగ్గినట్లు చూడగానే తెలియదు.

కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అనే ఆర్థికవేత్తలు ప్రభుత్వాల అప్పులకు, ఆర్థికాభివృద్ధికి గల సంబంధముపై 2010లో ప్రచురించిన పత్రములో ఇటువంటి పొరపాటే జరిగినది. సగటు కట్టిన రేంజిలో 20 దేశాలకు గాను 15 మాత్రమే చేరినవి. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ హెర్న్‌డన్ తన సహ పరిశోధకులతో కలిసి 2013లో దీనిని బయటపెట్టగా రచయితలు ఆ పొరపాటును అంగీకరించారు. 2020లో ఇంగ్లండులో పాత ఎక్సెల్ ఫైలు రకమునకు గల 65,536 వరుసల పరిమితి వలన 15,841 కోవిడ్ కేసులు సకాలములో లెక్కలోనికి రాలేదు.

అందువలన ఒక వరుసనైనా కాగితముపై లెక్కించి సరిచూచుట, మొత్తమును మరొక విధముగా రాబట్టి పోల్చుట మంచి పద్ధతులు. పై బిల్లులో మొత్తము చదరపు అడుగులు 940ని 20తో గుణించినచో 18,800 రావలెను. ఎఫ్5లోని సంఖ్య దీనితో సరిపోలనిచో సూత్రములో ఎక్కడో పొరపాటు ఉన్నట్లే.

ఇవి కూడా చూడండి

* కంప్యూటర్
* యూనికోడ్
* లిబ్రేఆఫీస్
* బేతంచెర్ల