పిడికెడు బియ్యము – మన గృహనిర్వాహకత్వ చరిత్ర

ఈ శతాబ్ది సంచికలో మన ఆలయములను గూర్చి, పాఠశాలలను గూర్చి, వైద్యశాలలను గూర్చి పెద్దలు వ్రాయుచున్నారు. మాకు అప్పగింపబడిన అంశము చిన్నది: మన సంఘములలో కానుక నడచివచ్చిన చరిత్ర. చిన్నదే గాని సున్నితమైనది. ఆలయ గోపురమును చూపి సంతోషించుట సులభము. దాని వెనుకనున్న ధనము ఎక్కడినుండి వచ్చినది, ఎవరు లెక్క చూచిరి, ఎవరి నోటికాడి ముద్ద అందులో కలిసినది అని అడుగుట కష్టము. మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరు ప్రాంతములలో కాపురముండి, ఐటీ కార్యాలయముల జీతముల మీద బ్రతుకుచున్న మేము ఈ ప్రశ్నను ముందుగా మమ్మును మేమే అడుగుకొని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గృహనిర్వాహకుడు అను మాట తెలుగు బైబిలు చదువువారికి క్రొత్త గాదు. యజమానుని ఇల్లు, ధాన్యము, పనివారు అతని చేతిలో నుందురు గాని అతనివి కావు. లూకా సువార్త 16వ అధ్యాయములోని ఉపమానమంతయు లెక్క అప్పగింపవలసిన దినమును గూర్చినదే. మన చరిత్రలో ఆ లెక్క మూడు చోట్ల చక్కగా కనబడుచున్నది.

కాలువ గట్టున నేర్చిన పాఠము

మొదటిది ఒంగోలు. 1876–78 సంవత్సరములలో దక్షిణ దేశమును మాడ్చివేసిన కరవును మన పెద్దలు ధాత కరవు అని చెప్పుకొనెడివారు. ఆ కాలమున ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు ఉండిరి. వారు మన సంఘ శాఖకు చెందినవారు కాకపోయినను వారి పని తెలుగు క్రైస్తవులందరికిని పాఠమే. ప్రభుత్వము బకింగుహామ్ కాలువను త్రవ్వించుచుండగా, అందులో మూడున్నర మైళ్ల భాగమును ఆయన కాంట్రాక్టుగా తీసికొనెను. ఆకలిగొన్నవారు పలుగు, పార, తట్ట పట్టుకొని వచ్చి పనిచేసి కూలి తీసికొనిరి. చేయి చాచి అడుగవలసిన అవమానము వారికి తప్పినది.

అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. కరవు పనులు సాగినంత కాలము ఆయన బాప్తిస్మములను నిలిపివేసెను. అన్నము కొరకు విశ్వాసమును ఒప్పుకొనువారు రాకూడదనియు, ఇచ్చువాని చేయి పుచ్చుకొనువాని మనస్సాక్షిని కొనకూడదనియు ఆయన తలంపు. కరవు తగ్గిన పిమ్మట 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో, వేలంపల్లి యొద్ద, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనము తరచుగా చెప్పుకొందుము. ఆ సంఖ్యకు ముందు ఆయన పాటించిన నిగ్రహమును అంత తరచుగా చెప్పుకొనము.

కూలి డబ్బుతో లేచిన గోపురము

రెండవది మెదకు. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు నిజాం రాజ్యమునకు వచ్చి మెదకులో స్థిరపడి, 1914లో ఆలయ నిర్మాణము ఆరంభించిరి. అది మొదటి ప్రపంచ యుద్ధ కాలము. కరవు, అంటురోగములు పల్లెలను పట్టి పీడించుచుండెను. ఆలయపు పని ఆ చుట్టుపట్ల పేదలకు కూడు పెట్టు పనిగా మారినది. రాళ్లు కొట్టినవారు, సున్నము కలిపినవారు, మన్ను మోసినవారు దినదినము ఇంటికి గింజలు తీసికొనిపోయిరి. పది సంవత్సరముల పిమ్మట, 1924 డిసెంబరు 25వ తేదీన ఆలయము ప్రతిష్ఠింపబడినది. నూరు అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, నూట డెబ్బది అయిదు అడుగుల గోపురము గల ఆ కట్టడమును చూచుటకు నేటికిని లోకులు వచ్చుచున్నారు. 2024లో దానికి నూరేండ్లు నిండినవి.

ఇంత పెద్ద ఆలయము ఆ పేద దేశమున అవసరమా అని అడుగువారు అప్పుడును ఉండి యుందురు, ఇప్పుడును ఉన్నారు. ఆ ప్రశ్న తప్పు గాదు. మాకు తోచు సమాధానమిది: ఒక కట్టడము విలువను దాని ఎత్తుతో మాత్రమే గాక, అది లేచుచుండగా ఎందరి పొయ్యి వెలిగినదో దానితో కూడ కొలువవలెను. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెనని మనవి. మా సొంత కథలో ఇది తిరిగి వచ్చును.

డోర్నకల్ ముంత

మూడవది డోర్నకల్. తిరునల్వేలి ప్రాంతమున 1874లో పుట్టిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనలోను, 1905లో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనలోను ముఖ్యులుగా నిలిచిరి. సువార్తకు పోవువారు భారతీయులే కావలెను, దానికి ధనము భారతీయులదే కావలెను, నిర్వహణయు భారతీయులదే కావలెనని ఆ సంఘముల సూత్రము. 1909లో ఆయన తానే మిషనరీగా డోర్నకల్ చేరెను. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా సెయింట్ పాల్ కతీడ్రలులో బిషప్పుగా అభిషిక్తుడై, ఆంగ్లికను సంఘమున మొట్టమొదటి భారతీయ బిషప్పు అయ్యెను.

ఆయన క్రింద చేరిన విశ్వాసులలో అధిక సంఖ్యాకులు మాల, మాదిగ కులములకు చెందిన వ్యవసాయ కూలీలు. వారికి కూలి తరచుగా గింజల రూపమున ముట్టుచుండెను. రొక్కము కండ్లజూచుట అరుదు. అట్టివారిని కానుక అడుగుట న్యాయమా? అజరయ్యగారు న్యాయమే అనిరి. ఇచ్చుట ధనికుల హక్కు మాత్రమే గాదు. పేదవానిని ఇచ్చువాడుగా ఎంచకపోవుట అతనిని తక్కువ చేయుటయే అని వారి అభిప్రాయము. ఈ విషయమై వారు 'క్రిస్టియన్ గివింగ్' అను గ్రంథము వ్రాసిరి. అది వారి మరణానంతరము 1950వ దశకములో వరల్డ్ క్రిస్టియన్ బుక్స్ వరుసలో తిరిగి వెలువడినది.

ఆ బోధ ఇండ్లలో పిడికెడు బియ్యముగా మారినది. తల్లి ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేయును. ఆదివారమున ఆ ముంత గుడికి వచ్చును. ఇందులోని తెలివిని గమనించుడి. వండిన పిమ్మట మిగిలినది గాదు, వండుటకు ముందు తీసినది. ఇంటి యజమానుని జేబులోనిది గాదు, ఇల్లాలి చేతిలోనిది. లెక్క కట్టి చూతము: పిడికెడు యాభై గ్రాములనుకొని, రెండు పూటలు తీసినచో దినమునకు నూరు గ్రాములు, సంవత్సరమునకు ముప్పది ఆరు కిలోలకు పైగా అగును. నూరు ఇండ్ల పల్లెలో అది ముప్పది ఆరు క్వింటాళ్లు. ఒక ఉపదేశకుని కుటుంబము బ్రతుకుటకును, వితంతువుకు సాయపడుటకును అది చాలును. ఈశాన్యమున మిజోరాం క్రైస్తవులు కూడ 1910 నుండి ఇదే విధముగా పిడికెడు బియ్యము తీయుచు, నేటికిని ఆ పద్ధతిని విడువలేదు.

కానుకతోపాటు పొదుపును గూర్చియు అజరయ్యగారు బోధించిరి. మురికి, రోగము, ఋణము, మద్యము అను నాలుగింటిని పల్లె క్రైస్తవునికి శత్రువులని ఆయన ఎంచెను. సహకార సంఘములను ప్రోత్సహించెను. డోర్నకల్ కతీడ్రలు నిధుల కొరతచేత ఏండ్ల తరబడి సాగి, 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడినది. 1945 జనవరి 1వ తేదీన ఆయన ప్రభువునందు నిద్రించెను. 1947 సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘము ఏర్పడగా, మెదకు, డోర్నకల్ రెండును ఒకే ఇంటి బిడ్డలైనవి.

బండల నడుమ క్రొత్త పట్టణము

ఇక మా సంగతి. 1998 నవంబరు 22వ తేదీన ప్రధానమంత్రి వాజపేయిగారు మాదాపూరులో సైబర్ టవర్సును ప్రారంభించిరి. అంతకుముందు అది బండలు, తుప్పలు, చెరువులు గల ప్రదేశము. అక్కడి దుర్గం చెరువు ఒకనాడు గోల్కొండ కోటకు నీరిచ్చినదని చెప్పుదురు. తరువాతి సంవత్సరములలో మెదకు, ఖమ్మము, కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెలనుండి మావంటివారు వచ్చి చేరితిమి. మాలో పలువురి అవ్వలు ముంతలో బియ్యము తీసినవారే. మేము ఇండ్లలో కూడుకొని, తరువాత అద్దె హాలులో ఆరాధించి, సొంత ఆలయము కొరకు డబ్బు కూడబెట్టితిమి. ఆ డబ్బు బ్యాంకులో డిపాజిట్టుగా ఉండెను.

2020 మార్చి 25వ తేదీన దేశమంతట లాక్‌డౌను వచ్చినది. మా అపార్టుమెంట్ల ప్రక్కన సగము లేచిన కట్టడములలో పనిచేయు ఒడిశా, జార్ఖండ్, బీహారు కూలీలకు పని ఆగిపోయినది. మేము కంప్యూటరు తెరలమీద ఆరాధన జరుపుకొనుచుండగా మాలో ఒక పెద్దమ్మగారు, "గుడి డబ్బు ఉన్నది గదా, వాళ్లకు బియ్యం కొనండి" అనిరి. వెంటనే తర్కము మొదలైనది. దాతలు ఆలయమునకిచ్చిన డబ్బును వేరొక పనికి వాడుట నమ్మకద్రోహమని కొందరు. మనుష్యులు ఆకలితో నుండగా డిపాజిట్టు కాపాడుట పాపమని కొందరు. రెండు పక్షములవారును లేఖనములే ఎత్తిరి. ఇద్దరి మాటలోను న్యాయముండెను.

చివరకు ప్రతి దాతకును ఫోను చేసి అడిగితిమి. సమ్మతించినవారి భాగమును తీసి బియ్యము, పప్పు, నూనె కొంటిమి. సమ్మతింపనివారి భాగమును ముట్టలేదు. ప్రతి రూపాయికిని లెక్క వ్రాసి సంఘమునకు చదివి వినిపించితిమి. లెక్కలో తప్పు లేదు. తప్పు కాలములో జరిగినది. మేము తీర్మానించుటకు అయిదు వారములు పట్టెను. 2020 మే 1వ తేదీన వలస కూలీల కొరకు దేశములో మొదటి రైలు మా ప్రక్కనున్న లింగంపల్లి స్టేషనునుండియే, సుమారు 1,200 మందితో, జార్ఖండులోని హటియాకు బయలుదేరినది. మేము బియ్యపు సంచులతో వెళ్లునప్పటికి మా ఎదుటి షెడ్లు చాలవరకు ఖాళీగా ఉండెను. ఉన్నవారికి పంచితిమి. వెళ్లిపోయినవారు ఆ అయిదు వారములు ఏమి తినిరో మాకు తెలియదు.

లూకా సువార్త 12వ అధ్యాయములో నమ్మకమైన గృహనిర్వాహకుని పని ఇంటివారికి తగిన కాలమందు ఆహారము పెట్టుట అని ఉన్నది. లెక్క సరిగా ఉంచుట అందులో సగమే. పెద్దమ్మగారి ముంతకు కమిటీ అక్కరలేదు, ఎందుకనగా అది ముందుగానే తీసి ఉంచబడినది. మా డిపాజిట్టు పెద్దదే గాని అది ఆకలి కొరకు ముందుగా వేరుచేయబడలేదు. మెదకు గోపురము లేచుచు పేదలకు అన్నము పెట్టినది. మా గోపురము లేవకముందే వారి అన్నమును ఆలస్యము చేసినది.

చేయవలసిన పనులు

అప్పటినుండి మేము మూడు నియమములు పెట్టుకొంటిమి. మొదటిది, వచ్చిన కానుకలో పదియవ వంతును ఆపద నిధిగా ముందే తీసి వేరు ఖాతాలో ఉంచుట. దానిని ఇద్దరు పెద్దలు, ఒక స్త్రీల సమాజ ప్రతినిధి కలిసి అదే దినమున వాడవచ్చును. రెండవది, ఋణమును గూర్చి యువకులతో దాపరికము లేకుండ మాటలాడుట. ఇల్లు, కారు, ఫోను అన్నియు నెలవారీ వాయిదాలపై తీసికొని, జీతము రాకముందే ఖర్చయిపోవు కుటుంబములు మాలో కలవు. అజరయ్యగారు చెప్పిన శత్రువు పల్లె వడ్డీ వ్యాపారి ఇంటినుండి బయలుదేరి మా చేతిలోని ఫోనులోనికి వచ్చినది. మూడవది, నీరు. 2024 వేసవిలో మా ప్రాంతపు బోర్లు ఎండి, వీధులన్నియు ట్యాంకర్లతో నిండెను. అందుచేత మా ఆలయ స్థలమున ముందుగా త్రవ్వినది పునాది గాదు, వాననీటి ఇంకుడు గుంత.

ఇప్పుడు మా గుమ్మమున కానుక కొరకు క్యూఆర్ కోడు అంటించియున్నది. ఫోను చూపిన క్షణములో డబ్బు చేరును. సౌకర్యమే, కాని చేతిలో బరువు తెలియదు. అందుచేత దాని ప్రక్కనే ఒక మట్టి ముంత కూడ ఉంచితిమి. ప్రతి ఆదివారము పిల్లలు ఇంటినుండి పిడికెడు బియ్యము తెచ్చి అందులో పోయుచున్నారు. నెలాఖరున ఆ బియ్యము ప్రక్క కట్టడముల పనివారి వంటకు పోవును. పెద్దమ్మగారు దానిని చూచి ఏమియు అనలేదు. తన సంచిలోనుండి పిడికెడు తీసి వేసిరి.

మన పితరులు మనకు అప్పగించిన లెక్క ఇంకను ముగియలేదు. దానిని రాబోవు నూరేండ్లవారికి శుభ్రముగాను, సకాలమునను అప్పగించు కృప ప్రభువు మనకందరికిని అనుగ్రహించును గాక.