తెలుగు వెతుకులాటకు మార్కులు వేసిందెవరు?

హనుమకొండలో 1904లో శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వెలిసింది. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకానికి నిలువ నీడ ఇచ్చిన తొలితరం గ్రంథాలయాల్లో అదొకటి. అలాంటి చోటికి పాఠకుడొచ్చి "కాకతీయుల చెరువుల మీద ఏమైనా ఉన్నాయాండీ?" అని అడిగితే, గ్రంథపాలకుడు బీరువాల వంక ఓసారి చూసి నాలుగు పుస్తకాలు తెచ్చి బల్లమీద పెడతాడు. ఆ నాలుగూ పనికొచ్చేవేనా? పనికొచ్చే ఐదోది బీరువాలోనే ఉండిపోయిందా? ఈ రెండూ ఎవరూ అడగరు. అడిగినా లెక్క తేల్చే పద్ధతి ఆ రోజుల్లో లేదు.

ఆ పద్ధతి ఇంగ్లండులో, విమానాల చదువు చెప్పే ఒక కళాశాలలో పుట్టింది. క్రాన్‌ఫీల్డ్‌లో గ్రంథపాలకుడు సిరిల్ క్లెవర్డన్ 1950ల చివర్లో 18,000 పత్రాలకు నాలుగు రకాల సూచికలు కట్టించి, 1,200 ప్రశ్నలతో వాటిని పరీక్షకు పెట్టాడు. ఆ నాలుగింటిలో ఒకటి, విషయాన్ని ముఖాలు ముఖాలుగా విడదీసే వర్గీకరణ. దాని వెనక ఉన్నది మద్రాసులో పనిచేసిన మన ఎస్.ఆర్. రంగనాథన్ ఆలోచనే. చివరికి నాలుగు సూచికలూ ఇంచుమించు ఒకే స్థాయిలో నిలిచాయి. తమ పద్ధతే గొప్పదని ఏళ్ల తరబడి వాదించుకున్నవాళ్లకు ఇది మింగుడుపడలేదు. అయితే విమర్శకులు పట్టుకున్న లోపం మాత్రం నిజమైనదే: పత్రాన్ని చూసి ప్రశ్న రాసి, మళ్లీ అదే పత్రం దొరికిందా లేదా అని చూశారు. అందుకే 1960ల్లో క్లెవర్డన్ మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి 1,400 పత్రాలు, 225 ప్రశ్నలు. ప్రశ్నలు పరిశోధకులనే అడిగి తెప్పించాడు. విద్యార్థులను కూర్చోబెట్టి ఏ ప్రశ్నకు ఏ పత్రం పనికొస్తుందో వెతికించి, ప్రశ్న అడిగినవారి చేతే తీర్పు చెప్పించాడు. పత్రాల గుట్ట, ప్రశ్నల జాబితా, మనుషులిచ్చిన తీర్పులు. నేటికీ సెర్చ్ ఇంజన్ల పరీక్షకు పునాది ఈ మూడే.

1,400 పత్రాలైతే మనుషులు చదవగలరు. లక్షలుంటే? 1992లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో డోనా హార్మన్ మొదలుపెట్టిన ట్రెక్ అనే ఉమ్మడి పరీక్ష దీనికి దారి చూపింది. అందరికీ ఒకే వార్తల గుట్ట, ఒకే ప్రశ్నలు ఇస్తారు. ప్రతి బృందం తన యంత్రం తెచ్చిన జవాబుల జాబితా పంపుతుంది. ప్రతి జాబితాలోంచి పైనున్న వంద పత్రాలు తీసి ఒక చోట పోసి, కలిసినవి తీసేసి, మిగిలినవాటిని మాత్రమే మనుషులు చదివి తీర్పిస్తారు. అప్పటిదాకా ప్రతి ప్రయోగశాలా తన ప్రశ్నపత్రం తానే రాసుకుని, తానే దిద్దుకుని, ఫస్టు క్లాసు వేసుకునేది. మొదటి ఏడే 25 బృందాలు బయటివాళ్ల చేత దిద్దించుకోవడానికి ఒప్పుకున్నాయంటే అది చిన్న విషయం కాదు. 1999 నుంచి 2009 దాకా వెబ్ సెర్చ్‌లో వచ్చిన మెరుగుదలలో సుమారు మూడో వంతు ట్రెక్ చలవేనని, నిస్ట్ చేయించిన అధ్యయనం 2010లో లెక్కగట్టింది.

తీర్పు చెప్పడమంటే ఏమిటో మన వైపు ఉదాహరణతో చూద్దాం. ప్రశ్న: "మేడారం జాతరలో భక్తులకు మంచినీళ్లు, వైద్యం ఏర్పాట్లు". దాని కింద రెండు మూడు వాక్యాల వివరణ ఉంటుంది: ఏర్పాట్ల గురించి చెప్పే వార్తే పనికొస్తుంది, మొక్కుల వార్త పనికిరాదు. ఇప్పుడు "నిలువెత్తు బంగారం సమర్పించిన మంత్రి" అన్న వార్త బల్లమీదికొచ్చింది. ఇక్కడ బంగారమంటే బెల్లమని వరంగల్ మనిషికి చెప్పక్కర్లేదు; మొక్కు వార్తని గుర్తించి పక్కన పెట్టేస్తాడు. బయటి ఊరివాడు నగల వార్తేమోనని తికమకపడతాడు. మరో వార్తలో సగం మొక్కుల ముచ్చట, చివర రెండు వాక్యాలు మాత్రం వైద్య శిబిరాల గురించి. ఇది పనికొస్తుందా, రాదా? ఇద్దరు కూర్చుంటే రెండు మాటలు వినిపిస్తాయి.

ఆ తేడా వల్ల పరీక్షే చెల్లదని వాదించినవాళ్లున్నారు. నిస్ట్ పరిశోధకురాలు ఎలెన్ వూర్హీస్ 1990ల చివర్లో దీన్నే పట్టి చూసింది. పనికొస్తాయని ఇద్దరు న్యాయనిర్ణేతలు ఎంచిన పత్రాలు సగం కూడా కలవలేదు. అయినా ఎవరి తీర్పు వాడినా, ఏ యంత్రం ముందు, ఏది వెనక అన్న వరుస దాదాపు మారలేదు. మనుషులు విభేదించుకున్నా పోటీ నిలబడుతుందన్నమాట. ఈ రంగానికి ఊపిరి పోసిన ఫలితాల్లో దీన్ని ముందు వరసలో పెట్టాలి.

ట్రెక్‌ను చూసి జపాన్ ఎన్‌టీసీఐఆర్ పెట్టుకుంది, యూరప్ 2000లో క్లెఫ్ పెట్టుకుంది. ఆ రోజుల్లో తెలుగు సంగతి ఘోరం. వెబ్‌లో తెలుగు పత్రికలు లేక కాదు. ఒక్కో పత్రికదీ ఒక్కో సొంత ఫాంట్. తెరమీద రెండు చోట్లా "వరంగల్" అనే కనిపించినా, లోపల కంప్యూటర్‌కు అవి పొంతన లేని రెండు సంకేతాల వరసలు. అందరికీ ఉమ్మడి సంకేతమైన యూనికోడ్‌లో టైపు చేసి వెతికితే ఏదీ దొరకదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో పింగళి ప్రసాద్, జగర్లమూడి జగదీశ్, వాసుదేవ వర్మ ఈ ఫాంట్ల చిక్కు విప్పి, అన్నిటినీ ఒకే సంకేతంలోకి మార్చి వెతికే 'వెబ్‌ఖోజ్' కట్టారు. దాని గురించి 2006లో ఎడిన్‌బరో వెబ్ సదస్సులో చెప్పారు.

అదే ఏడు క్లెఫ్‌లో తెలుగు కనిపించింది. ట్రిపుల్ ఐటీ బృందం హిందీ, తెలుగు ప్రశ్నలతో బరిలో దిగింది. కానీ వెతకాల్సిన పత్రాలో? లాస్ ఏంజిలిస్, గ్లాస్గో నగరాల ఇంగ్లీషు దినపత్రికలు! తెలుగు ప్రశ్నను నిఘంటువుతో ఇంగ్లీషులోకి మార్చాలి, నిఘంటువులో లేని పేర్లను అక్షరం వెంట అక్షరం ఇంగ్లీషు లిపిలోకి దించాలి, ఆ తర్వాతే వెతకాలి. 2007లో క్లెఫ్ భారతీయ భాషలకు ప్రత్యేక విభాగం పెట్టింది. అందులో తెలుగు ప్రశ్నలు అందుకున్నవారిలో కోల్‌కతాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం ఒకటి. తెలుగుకు పరీక్ష యూరప్‌లో, వార్తలు అమెరికా, బ్రిటన్‌లవి, రాసినవారిలో బెంగాల్ వారు. నవ్వొచ్చే సంగతే అయినా, ఆ పుణ్యానే తెలుగు ఈ రంగంలోకి వచ్చింది.

మన గడ్డమీద పరీక్ష 2008లో మొదలైంది. కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో మందార్ మిత్రా, ప్రసేన్‌జిత్ మజుందార్ బృందం నడిపిన దాని పేరు ఫైర్. ఆనంద్‌బజార్ పత్రిక నుంచి బెంగాలీ వార్తలు, జాగరణ్ నుంచి హిందీ వార్తలు, మరాఠీకి మరాఠీ పత్రికలు, ఇంగ్లీషుకు టెలిగ్రాఫ్. ఒక్కో భాషలో సుమారు లక్ష వార్తలు. తెలుగు వార్తల గుట్ట మాత్రం అందులో లేదు. యంత్రం కట్టేవాళ్లు మనకు కొరవడలేదు; వార్తలిచ్చే పత్రిక, వేల వార్తలు ఓపిగ్గా చదివి తీర్పు చెప్పే మనుషులు ఒక చోట కలవలేదు. అసలు కొరత ఇదే. 2015లో ఫైర్ మిశ్రమ లిపి పోటీలో తెలుగుకు చోటు దొరికింది. ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేస్తున్న జనం మాటల్లో ఏది తెలుగో, ఏది ఇంగ్లీషో యంత్రం విడదీయాలి. 2020లో ఫైర్‌కు హైదరాబాద్ వంతు వచ్చింది కానీ, కొవిడ్ వల్ల అది ఆన్‌లైన్‌కే పరిమితమైంది.

స్థానికంగా తీర్పులు ఎందుకు కావాలో వరంగల్ ఒక్కటే చాలు చెప్పడానికి. ఓరుగల్లు, వరంగల్, వరంగల్లు, ఏకశిలానగరం అన్నీ ఒకే ఊరు. హన్మకొండ, హనుమకొండ, హనంకొండ మరో వరస. వీటికి "లో", "కు", "లోని" చేరితే ఒక్కో పేరుకు పదేసి రూపాలు. దీనిపైన సర్కారు మార్పులు. 2016 ఫిబ్రవరి జాతర వార్తలో మేడారం వరంగల్ జిల్లా, 2018 జాతరలో జయశంకర్ భూపాలపల్లి జిల్లా, 2020 జాతరలో ములుగు జిల్లా. ఊరు కదల్లేదు, జిల్లా మాత్రం మారిపోయింది. 2021లో వరంగల్ అర్బన్‌కు హనుమకొండ అనీ, రూరల్‌కు వరంగల్ అనీ పేర్లు పెట్టారు. "వరంగల్ జిల్లా" అని వెతికినవారికి ఏ ఏటి జిల్లా కావాలో ఏ నిఘంటువూ చెప్పదు.

గత కొన్నేళ్లలో ఊరటనిచ్చే పని జరిగింది. 2020లో గూగుల్ పరిశోధకులు విడుదల చేసిన టైడీ క్యూఏ ప్రశ్నోత్తరాల సేకరణలోని 11 భాషల్లో తెలుగు ఒకటి. అక్కడ ప్రశ్న రాసినవారు జవాబు చూడకుండా, నిజంగా తెలుసుకోవాలనుకున్నదే అడిగారు. క్లెవర్డన్ మీద వచ్చిన విమర్శ అరవై ఏళ్లకు ఇలా ఫలించింది. దాని ఆధారంగా కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం బృందం మిస్టర్ టైడీ, ఆ తర్వాత 18 భాషలతో మిరాకిల్ తయారుచేసింది. వీటిలో తెలుగు ప్రశ్నను తెలుగు పత్రాల్లోనే వెతకాలి. ఆ పత్రాలు తెలుగు వికీపీడియావి. 2003 డిసెంబరు నుంచి పైసా ఆశించకుండా ఊరూరికీ పేజీలు రాసిన వికీపీడియన్ల శ్రమ ఇలా పరిశోధనకు అక్కరకొచ్చింది.

వికీపీడియా వార్తాపత్రిక కాదు, స్థానిక చరిత్ర గ్రంథం అంతకన్నా కాదు. వరంగల్ నిట్‌లో కంప్యూటర్లు చదివేవాళ్లున్నారు, కాకతీయ విశ్వవిద్యాలయంలో తెలుగు, చరిత్ర చదివేవాళ్లున్నారు. రెండు చోట్ల నుంచీ పదిమంది కలిసి, ఒక పత్రిక జిల్లా పేజీలను అనుమతితో తీసుకుని, ఈ ప్రాంతం మీద 50 ప్రశ్నలు రాసి, తీర్పులిచ్చి అందరికీ అందుబాటులో పెడితే, తర్వాతి ఫైర్‌కు తెలుగు గుట్ట ఓరుగల్లు నుంచే వెళ్తుంది. దానికి పెద్ద నిధులు అక్కర్లేదు, ఒక వేసవి సెలవు కావాలి.