సి.ఆర్.రావు గారి సూత్రం - ప్రొస్టేటు జబ్బు

నూజివీడు, నందిగామలలో బడి చదువు చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు 1945లో కలకత్తాలో ఒక సూత్రం ప్రకటించారు. శాంపిలును బట్టి కట్టే అంచనాలో తప్పు ఎంతకన్నా తగ్గదో దానితో తేలుతుంది. తప్పు సగం కావాలంటే శాంపిలు నాలుగింతలు కావాలి. గిట్టని బేరమే!

మన వయసువారిని కలవరపెట్టే ప్రొస్టేటు క్యాన్సరు విషయంలోనూ ఇదే చిక్కు. వందల జన్యు తేడాలు తలా పిసరు ముప్పు కలుపుతాయి. ఆ పిసరు కంటపడాలంటే లక్షల మంది కావాలి. 2006లో ఐస్‌లాండ్ పరిశోధకులు ఎనిమిదో క్రోమోజోములో ఒక చోటు చూపారు. 2021లో 1,07,247 మంది రోగులను, 1,27,006 మంది ఆ జబ్బు లేనివారిని పోల్చి చూశాక పట్టిక 269 తేడాలకు చేరింది.

అయితే వారిలో అత్యధికులు ఐరోపా సంతతివారు. విదేశాల్లోని పిల్లలు ఉమ్మి పరీక్ష చేయించి మనకు చూపే ముప్పు శాతం చాలావరకు ఆ తూకపురాళ్లతో తూచినదే. మన జీనోమ్ ఇండియా పథకం 2025 జనవరిలో 10,000 మంది జన్యు వివరాలు విడుదల చేసింది, హైదరాబాదు సి.సి.ఎం.బి. అందులో భాగస్వామి. కాని అవి ఆరోగ్యవంతులవి. రోగుల శాంపిలు వేరే పోగుచేయాలి.

తండ్రికో, అన్నదమ్ములకో ఈ జబ్బు వచ్చి ఉంటే డాక్టరు గారికి ముందే చెప్పండి. ఆ కబురుకు శాంపిలుతో పనిలేదు.