ఎయిర్‌పాడ్స్

ఎయిర్‌పాడ్స్ అనేవి ఆపిల్ సంస్థ రూపొందించిన తీగలు లేని ఇయర్‌ఫోన్లు. 2016 సెప్టెంబరు 7న వీటిని ప్రకటించగా, డిసెంబరులో అమ్మకానికి వచ్చాయి. చెవి నుండి వేలాడే తెల్లని కాడను టూత్‌బ్రష్‌తో పోల్చి తొలుత చాలామంది పరిహసించారు. ఫోను నుండి శబ్దం బ్లూటూత్ రేడియో తరంగాల ద్వారా వీటికి చేరుతుంది. చెవిలో నుండి తీస్తే సెన్సార్లు గుర్తించి పాటను ఆపివేస్తాయి.

బ్యాటరీ

వీటి ప్రధాన లోపం బ్యాటరీయే. సుమారు 4 గ్రాముల బరువున్న మొదటి తరం ఇయర్‌ఫోను ఒకసారి చార్జి చేస్తే 5 గంటల వరకు పనిచేసేది. లిథియం అయాన్ బ్యాటరీ వాడేకొద్దీ క్షీణిస్తుంది. దానిని కాడలో జిగురుతో బిగించి మూసివేయడం వలన, పగులగొట్టకుండా మార్చడం దాదాపు అసాధ్యం. మరమ్మతు సౌలభ్యాన్ని అంచనా వేసే ఐఫిక్సిట్ సంస్థ దీనికి 10కి 0 మార్కులు ఇచ్చింది. ఆపిల్ వారి బ్యాటరీ సేవలో సైతం రుసుము తీసుకొని ఇయర్‌ఫోనునే మార్చి ఇస్తారు. చేతిగడియారానికి నిమిషాల్లో బ్యాటరీ మార్చే వీధి దుకాణదారుకు ఇక్కడ పని లేదు.

తెలంగాణలో తయారీ

రంగారెడ్డి జిల్లా, ఇబ్రహీంపట్నం మండలంలోని కొంగర కలాన్‌లో తైవానుకు చెందిన ఫాక్స్‌కాన్ సంస్థ కర్మాగారానికి 2023 మే 15న అప్పటి మంత్రి కె. తారక రామారావు శంకుస్థాపన చేశారు. 2025లో ఇక్కడ ఎగుమతి కొరకు ఎయిర్‌పాడ్స్ తయారీ మొదలైంది. అయస్కాంతాలలో వాడే డిస్ప్రోసియం అనే లోహం ఎగుమతిపై చైనా విధించిన ఆంక్షల వలన, అదే సంవత్సరం ఈ కర్మాగారానికి దాని కొరత ఏర్పడినట్లు వార్తలు వచ్చాయి.